కె2 మొదట ఎక్కిన కొంపాన్యోని హీరోనా, కాదా? కాస్త తేల్చండి

గ్రూప్స్_గోవిందు
జీకే నోట్సులో ఒక్క లైను ఉంది. కె2 (ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం) మొదట ఎక్కినవారు: అకిల్లే కొంపాన్యోని, లీనో లాచెడెల్లి, ఇటలీ, 31 జూలై 1954. బట్టీ కొట్టి ఊరుకుంటే పోయేది. పనిలేక ఆయన గురించి చదవడం మొదలుపెట్టా. ఇటలీ పర్వత సైన్యంలో చేశాడు (ఆల్పీని అంటారట), స్కీ పోటీల్లో దిగేవాడు, గైడు, ఆఖరికి కె2. భలే జీవితం అనుకునేలోపే ఇంకోచోట అబద్ధాలకోరు, తోటివాళ్ళని మంచులో వదిలేసి గుడారంలో పడుకున్నోడు అని తిట్టిపోశారు. ఒకే మనిషి గురించి ఇంత తేడాగా ఎలా రాస్తారు? తెలిసినవాళ్ళు చెప్పండి. పరీక్ష కోసం కాదు, రాత్రి నిద్రపట్టక అడుగుతున్నా.

బెజవాడ_బుల్లోడు
పేరులోనే కొంప పెట్టుకున్నాడు. ఎవరిదో ఒకరిది ముంచక మానతాడా.

టొరినో_తెలుగబ్బాయి
నేనుండేది ఇటలీలోని టొరినోలో. చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయా. కొంపాన్యోని స్థిరపడిన చెర్వీనియా అనే కొండ ఊరు మాకు కారులో రెండు గంటల లోపే. తిట్లు తర్వాత, ముందు మనిషి ఎవరో చూద్దాం.

పుట్టింది 1914 సెప్టెంబరు 26న, సాంతా కతెరీనా వల్‌ఫుర్వా అనే పల్లెలో. బోర్మియో దాటి లోయ చివరికంటా వెళ్ళాలి. దగ్గర్లోనే సాన్ మత్తేయో శిఖరం, 3678 మీటర్లు. 1918 ఆగస్టు 13న ఆల్పీని దళం ఆ శిఖరాన్ని ఆస్ట్రియా వాళ్ళ నుంచి గుంజుకుంది, సెప్టెంబరు 3న వాళ్ళు మళ్ళీ పట్టుకున్నారు. అంటే పిల్లాడికి నాలుగేళ్ళు నిండేనాటికి ఊరి నెత్తిన యుద్ధం జరుగుతోంది. ఆ లోయల్లో చలికాలం పక్క ఊరికి వెళ్ళాలన్నా స్కీలే. సైన్యం కూడా అలాంటి కుర్రాళ్ళనే ఏరుకునేది. ఆల్పీనిని 1872లో పెట్టినప్పటి పద్ధతే అది, ఏ కొండవాళ్ళని ఆ కొండకే కాపలా పెట్టడం.

ఇతనూ ఆల్పీనిలో చేశాడు, స్కీ రేసుల్లో పోటీ పడ్డాడు, తర్వాత చెర్వీనియా వచ్చి గైడుగా, స్కీ నేర్పే మాస్టారుగా కుదురుకున్నాడు, హోటలు నడిపాడు. కె2 ఎక్కేనాటికి 39 ఏళ్ళు. 2009 మే 13న పోయాడు, 94 ఏళ్ళకి. దీంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా 1954 జూలై 30 రాత్రి మీదే.

పాలమూరు_పోరడు
టొరినో అన్నా, ఒక డౌటు. స్కీ అంటే మీదికెల్లి కిందికి జారుడు గద. కె2 అంటే కిందికెల్లి మీదికి పోవుడు. జారెటోన్ని ఎక్కనీకి ఎందుకు తీస్కపోయిన్రు?

టొరినో_తెలుగబ్బాయి
తమ్ముడూ, నువ్వు టీవీలో చూసేది లిఫ్టులో పైకెళ్ళి జారే స్కీ. వీళ్ళది వేరు. పలకల అడుగున సీల్ తోలు పట్టీలు కట్టుకునేవాళ్ళు. తోలు మీది వెంట్రుకలు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి కాలు ముందుకు తోస్తే సాగుతుంది, వెనక్కి మాత్రం జారదు. ఇప్పుడు సీల్ తోలు బదులు నైలానో, మోహెయిరో. అలాగే కొండ మొత్తం ఎక్కి, పైన పట్టీ చర్రున ఊడబీకి, మడిచి కోటు లోపల దోపుకుంటారు, బయట పెడితే జిగురు గడ్డకట్టి మళ్ళీ అంటుకోదు కదా. తర్వాత దిగుతారు.

మెజ్జలామా ట్రోఫీ అని ఒక రేసుంది, 1933లో మొదలు. ఒత్తొరీనో మెజ్జలామా అనే స్కీ పర్వతారోహకుడు 1931లో హిమపాతంలో పోతే ఆయన పేరున పెట్టారు. ముగ్గురు ముగ్గురు ఒకే తాడుకి కట్టుకుని చెర్వీనియా నుంచి గ్రెస్సోనే దాకా, సుమారు 45 కిలోమీటర్లు, మధ్యలో 4,200 మీటర్లు దాటిన కాస్టర్ శిఖరం. ఒకడు అలిసిపోతే మిగతా ఇద్దరూ ఆగాల్సిందే. ఇలాంటి స్కీ రేసుల నుంచి వచ్చిన మనిషికి ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో ఊహించుకో.

బెజవాడ_బుల్లోడు
మా ఆఫీసులో టీమ్ వర్క్ ట్రైనింగుకి ఈ రేసు పెట్టాలి. మా మేనేజరుని మాత్రం తాడు చివర కట్టాలి.

మంచుకొండ_మాస్టారు
టొరినో బాబు చెప్పినదానికి కొంచెం చరిత్ర కలుపుతాను, గోవిందుకి పరీక్షలో కూడా పనికొస్తుంది.

సైనికుడు, స్కీయర్ అనేవి ఆ రోజుల్లో రెండు వేరు వేరు ఉద్యోగాలు కావు. ఆయోస్తా పట్నంలో 1934లో సైనిక పర్వత పాఠశాల పెట్టారు. రెండేళ్ళకే, 1936లో, గార్మిష్ చలికాలపు ఒలింపిక్స్‌లో మిలిటరీ పెట్రోల్ అని ఒక ప్రదర్శన పోటీ జరిగింది. ఒక అధికారి, ముగ్గురు సైనికులు, వీపున సామాను, తుపాకులు, 25 కిలోమీటర్ల స్కీ, మధ్యలో ఆగి గాలిబుడగలు కాల్చాలి. ఇటలీ తరఫున కెప్టెన్ ఎన్రీకో సిల్వెస్త్రి, లుయీజి పెరెన్ని, స్టెఫానో సెర్తొరెల్లి, సిస్తో షిల్లీగో. గంటలకొద్దీ దౌడు తీసి ఫిన్లాండ్ కంటే కేవలం 14 సెకన్ల ముందు వచ్చారు. మంచులో ఫిన్లాండ్ వాళ్ళని ఓడించడమంటే మాటలా! ఆతిథ్యం ఇచ్చిన జర్మనీకి ఐదో స్థానం. ప్రదర్శన పోటీ కాబట్టి పతకాల పట్టికలో కనపడదు. ఈ మిలిటరీ పెట్రోలే తర్వాత బయాథ్లాన్‌గా మారి 1960 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది.

కె2 జట్టులో కొంపాన్యోని ఒక్కడే స్కీయర్ అనుకునేరు. జీనో సోల్దా అని ఇంకొకాయన ఉన్నాడు, 1932 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ స్కీ చేసినవాడు. జట్టులో పెద్దవాళ్ళలో ఒకడు.

గ్రూప్స్_గోవిందు
14 సెకన్లా!! మాస్టారూ ఇవన్నీ మీకెలా గుర్తుంటాయండీ. సరే ఆ జూలై 30 సంగతికి రండి ఎవరైనా.

బొనాట్టి_భక్తుడు
నేను చెప్తా. నా పేరు చూసి పక్షపాతం అనుకుంటే అనుకోండి.

యాత్ర నాయకుడు ఆర్దీతో దేజియో, భూగర్భ శాస్త్రవేత్త. యుద్ధంలో ఓడి పరువు పోయిన దేశానికి ఒక శిఖరం కావాలి. ఆయన నడిపిన తీరు సైనిక శిబిరంలాగే ఉంటుంది, కాగితం మీద రాతపూర్వక ఆదేశాలు. జూన్ 21న మారియో పుషో అనే గైడు రెండో క్యాంపులో ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయినా పైకి పదండి అన్నాడు. శిఖరం మీదికి చివరి ఎక్కుడికి నాయకుడిగా కొంపాన్యోనిని పెట్టాడు. కొంపాన్యోని తనతో లాచెడెల్లిని తీసుకున్నాడు. జట్టులో అందరికంటే చిన్నవాడు వాల్టర్ బొనాట్టి, 24 ఏళ్ళు. అందరికంటే గట్టివాడు కూడా అతనే.

ప్లాను ఇది. కొంపాన్యోని, లాచెడెల్లి పైకెళ్ళి తొమ్మిదో క్యాంపు వేస్తారు. బొనాట్టి, పాకిస్తాన్ హుంజా లోయకి చెందిన పోర్టరు (సామాను మోసేవాడు) అమీర్ మెహ్దీ కింద నుంచి ఆక్సిజన్ సెట్లు మోసుకెళ్ళి సాయంత్రానికి అక్కడికి చేరతారు. ఒక్కో సెట్టు 18, 19 కిలోలు. వీళ్ళు మోస్తున్న ఆక్సిజన్ వీళ్ళు పీల్చలేరు, మాస్కులు పైవాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

చెప్పిన చోటికి వచ్చి చూస్తే గుడారం లేదు. ఇంకా పైన, ఎడమవైపు ప్రమాదకరమైన రాళ్ళు అడ్డంగా దాటి ఎక్కడో వేశారు. చీకటి పడింది. వీళ్ళు గొంతు చించుకుని అరిస్తే చాలాసేపటికి పైన ఒక లైటు వెలిగింది. సిలిండర్లు అక్కడ పెట్టి దిగిపొండి అని గొంతు వినిపించింది. లైటు ఆరిపోయింది. అంతే.

మెహ్దీకి అప్పటికే ఒళ్ళు స్వాధీనంలో లేదు, ఆ చీకట్లో దిగితే చస్తాడు. 8,100 మీటర్ల దగ్గర మంచు వాలులో గొడ్డలితో ఒక మెట్టు చెక్కుకుని, గుడారం లేదు, స్లీపింగ్ బ్యాగ్ లేదు, ఇద్దరూ తెల్లవార్లూ కూర్చున్నారు. మధ్యలో మంచు తుఫాను. పొద్దున సిలిండర్ల మీది మంచు దులిపి, కనపడేలా పెట్టి దిగిపోయారు. పైవాళ్ళు వచ్చి వాటిని తగిలించుకుని సాయంత్రం 6 ప్రాంతంలో శిఖరం మీద జెండాలు పాతారు.

ఇప్పుడు చెప్పండి, హీరో ఎవరు?

పాలమూరు_పోరడు
వామ్మో. లైటు ఆర్పేసి పండుకున్నడా? గింత ఘోరమా

చలిచీమ
భక్తుడు గారు కథ బాగా చెప్పారు, ఒక పక్కదే చెప్పారు. పెద్ద మంచు దిమ్మ విరిగి నెత్తిన పడే చోటు అది, అందుకే పక్కకి జరిపాం అన్నది కొంపాన్యోని మాట. ఆ ఎత్తులో మెదడుకి అందే ప్రాణవాయువు మనకి ఇక్కడ అందేదాంట్లో మూడో వంతు చిల్లర. కూడికలు తీసివేతలు కూడా సరిగా రావు అంటారు. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని తీర్పులు ఇవ్వడం తేలికే.

బొనాట్టి_భక్తుడు
చలిచీమ గారూ, మెదడు పనిచెయ్యలేదు సరే. దిగొచ్చాక 50 ఏళ్ళు ఏ ఎత్తులో ఉన్నాడు? చెర్వీనియా 2,000 మీటర్లే.

బెజవాడ_బుల్లోడు
😂😂 చలిచీమకి చలి పెట్టేసింది

సుబేదార్_కర్నూలు
రిటైర్డు ఫౌజీని. కర్నూలు ఎండల్లో పెరిగినోన్ని తీసుకుపోయి గుల్మార్గ్‌లో హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్లో స్కీల మీద నిలబెట్టినారు. మొదటి వారం నిలబడిందానికంటే పడిందే ఎక్కువ. తర్వాత సియాచిన్ కూడా చూసినా. కాబట్టి ఏసీ గది మాట నాకు వర్తించదు నాయనా.

టెంటు జరపడం తప్పు కాదు. మంచు విరిగే జాగా అనుకుంటే నేనూ జరుపుతా. కానీ కింద నుంచి సామాను మోసుకొచ్చే జట్టు ఉందని తెలుసు కదా. గుర్తు పెట్టాల. ఒక కర్ర పాతు, గుడ్డపేలిక కట్టు, లేదంటే ఒకడు అంచుకి వచ్చి టార్చి పట్టుకుని నిలబడు. పోస్టుకి రేషన్ తెచ్చే పార్టీ లెక్క తేలందే మా కమాండరు కన్ను మూయడు. పార్టీ రాకపోతే వెతకడానికి పోతాం. పోలేని వాతావరణమైతే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. దిగిపొండి అని చెప్పి, దిగినారో లేదో చూడకుండా లైటు ఆర్పడం, అది సిపాయి పని కాదు. ఆయన ఆల్పీనిలో చేసినోడు కాబట్టే నాకు కోపం ఎక్కువ.

టొరినో_తెలుగబ్బాయి
సుబేదార్ గారూ, బొనాట్టి కూడా ఆల్పీనిలో సైనిక సేవ చేసినవాడే. ఇద్దరూ ఈక టోపీ పెట్టినవాళ్ళే.

ఆ టోపీ గురించి చెప్పాలి. 2024 మేలో విచెంజాలో వాళ్ళ వార్షిక సమ్మేళనం జరిగితే వెళ్ళా. ఊరంతా ముసలాళ్ళే, ఆకుపచ్చ ఫెల్టు టోపీలే. ఎడమ పక్కన కాకి జాతి పక్షి నల్ల ఈక కాస్త వెనక్కి వాలి ఉంటుంది, పెద్ద అధికారులకైతే తెల్లది. నా పక్కన బల్ల మీద ఒక తాతగారి ఈక సగానికి విరిగి ఉంది, పారదర్శక టేపు చుట్టి నిలబెట్టాడు. కొత్తది పెట్టుకోవచ్చుగా అంటే నన్ను తినేసేలా చూశాడు. కంచర గాడిదలని 1993లో సర్వీసు నుంచి తీసేసినందుకు ఇంకా బాధపడుతున్నాడు పాపం. కె2 గురించి అడిగా. బొనాట్టి అన్నాడు, గ్లాసు ఎత్తాడు. కొంపాన్యోని అంటే చెయ్యి అటూ ఇటూ ఊపి ఊరుకున్నాడు.

కాఫీ_విత్_సుబ్బలక్ష్మి
ఆ సమ్మేళనాలు మరీ అంత పవిత్రం ఏం కాదు లెండి. 2022లో రిమినీలో జరిగినప్పుడు తాగి ఆడవాళ్ళని వేధించారని బోలెడు ఫిర్యాదులు వచ్చాయి. టోపీ మీద ఈక ఉంటే చాలా.

టొరినో_తెలుగబ్బాయి
నిజమేనండి, అప్పుడు ఇక్కడ పెద్ద గొడవే అయింది.

మంచుకొండ_మాస్టారు
భక్తుడు గారు గుర్తుపెట్టుకోమన్న మాస్కుల సంగతి ఇప్పుడు పనికొస్తుంది. గెలిచి వచ్చినవాళ్ళు చెప్పిన కథ ఏమిటంటే, శిఖరానికి సుమారు రెండు గంటల ముందే ఆక్సిజన్ అయిపోయింది, మిగతాది ఒట్టి ఊపిరితో ఎక్కాం. 1964లో టొరినో పత్రిక ఒకటి ఇంకో అడుగు ముందుకేసి, రాత్రి బొనాట్టి ఆ ఆక్సిజన్ వాడుకున్నాడు, వాళ్ళకంటే ముందే శిఖరం ఎక్కేయాలని చూశాడు అని రాసింది. బొనాట్టి పరువు నష్టం దావా వేశాడు. మాస్కు లేకుండా సిలిండరు నుంచి ఎలా పీల్చాను అని అడిగాడు. కేసు గెలిచాడు, వచ్చిన డబ్బు అనాథ శరణాలయానికి ఇచ్చేశాడు.

తర్వాత రాబర్ట్ మార్షల్ అనే ఆస్ట్రేలియా సర్జన్ శిఖరం మీద తీసిన ఫొటోలు పరిశీలించాడు. ఒక ఫొటోలో కొంపాన్యోని మొహాన మాస్కు అలాగే ఉంది. ఆక్సిజన్ అయిపోయి రెండు గంటలైతే మాస్కు ఎందుకు? ఊపిరే ఆడదు కదా!

పాలమూరు_పోరడు
ఇంకోటి సార్. సిలిండర్లు గూడ శిఖరం దాంక మోసిన్రు గద. ఖాళీ అయినంక ఎవడన్న 19 కిలోలు మీదికి మోస్తడా? నేనైతే గ్యాసు బండ ఖాళీ అయితే మా మూడో అంతస్తు నుంచి కిందికి దించనీకే ఏడుస్త.

చలిచీమ
దానికీ వాళ్ళు జవాబు చెప్పారు. ఆ వాలులో సెట్టు విప్పాలంటే పడుకుని విప్పాలి, అది ఇంకా ప్రమాదం అని. మాస్కు ఉంచుకున్నది చలిగాలి సూటిగా గొంతులోకి పోకుండా. నమ్మాలా వద్దా మీ ఇష్టం. నేననేది ఒక్కటే, ఫొటో చూసి మనిషి మనసులో ఏముందో చెప్పలేం. బొనాట్టిని కావాలని చంపబోయాడు అనేదాకా వెళ్తున్నారు కొందరు. అది అతి.

బొనాట్టి_భక్తుడు
చంపాలని నేనూ అనను. బొనాట్టి గట్టి కుర్రాడు, కొంపాన్యోనికి దాదాపు 40. గుడారం దాకా వస్తే పొద్దున్నే లాచెడెల్లి బదులో తన బదులో వాడే ఎక్కేస్తాడని భయం. దానికి గుడారం అందకుండా చేస్తే చాలు. లాచెడెల్లి కూడా 2004లో పుస్తకం రాసి, గుడారం అక్కడ వెయ్యాలన్నది కొంపాన్యోని నిర్ణయమే అన్నాడుగా.

మంచుకొండ_మాస్టారు
అదే లాచెడెల్లి ఆక్సిజన్ అయిపోయిందన్న మాట మాత్రం వదల్లేదు, అది కూడా చెప్పండి. ఏదైతేనేం, 2004లో ఇటలీ ఆల్పైన్ క్లబ్బు ముగ్గురు పెద్దలతో కమిటీ వేసింది, ఆ నివేదిక తర్వాత బొనాట్టి మాటే సరైనదని ఒప్పుకుంది. అర్ధ శతాబ్దం పట్టింది. అప్పటికి బొనాట్టి ఎప్పుడో విరిగిపోయాడు, 1965లో మాటర్‌హార్న్ ఉత్తర ముఖాన్ని చలికాలంలో ఒంటరిగా ఎక్కి, ఇంక ఈ రకం ఆరోహణలకి సెలవు అనేశాడు. 35 ఏళ్ళకే. నిర్ణయం ఎవరిదైనా, ఇద్దరు మనుషుల మధ్య గొడవగా చూస్తే దేజియో తప్పించుకుంటాడు. చివరి ఎక్కుడికి ఎవరు నాయకుడో రాసిచ్చింది ఆయన. రికార్దో కస్సీన్ లాంటి పేరున్న పర్వతారోహకుణ్ణి వైద్య పరీక్ష పేరుతో పక్కన పెట్టిందీ ఆయనే. హాయిగా 104 ఏళ్ళు బతికాడు.

కాఫీ_విత్_సుబ్బలక్ష్మి
ఇందాకట్నుంచి చూస్తున్నా. బొనాట్టి పరువు, కొంపాన్యోని పరువు, ఇటలీ పరువు. ఆ రాత్రి బయట కూర్చున్నది ఇద్దరు కదండీ. రెండోవాడి గురించి ఒక్క లైనుతో సరిపెట్టేశారు అందరూ.

అమీర్ మెహ్దీ అంతకుముందు ఏడాది నంగా పర్బత్ యాత్రలోనూ పనిచేసినవాడు. ఆ ఆక్సిజన్ మొయ్యడానికి మిగతా పోర్టర్లు ఒప్పుకోకపోతే, నీకూ శిఖరం దాకా వెళ్ళే అవకాశం రావచ్చు అని ఆశ చూపి తీసుకెళ్ళారు. చూపించినవాళ్ళలో మీ బొనాట్టి కూడా ఉన్నాడు భక్తుడు గారూ. తెల్లారేసరికి కాళ్ళు పోయాయి. కాలివేళ్ళన్నీ తీసేశారు, నెలల తరబడి ఆసుపత్రి. ఇంటికొచ్చాక ఆ మంచు గొడ్డలి నా కళ్ళ పడకుండా దాచండి అన్నాడట. కొంపాన్యోనికి వేళ్ళు పోతే నష్టపరిహారం కావాలని కోర్టుకెళ్ళాడు, యాత్ర మీద తీసిన సినిమా ఆదాయంలో వాటా అడిగాడు. మెహ్దీ ఏ కోర్టుకెళ్ళాలి?

బొనాట్టి_భక్తుడు
ఆశ చూపించిన మాట నిజమే. బొనాట్టి అది దాచలేదు, తనే రాసుకున్నాడు. కానీ రాత్రంతా మెహ్దీ పక్కనే కూర్చున్నదీ అతనే. వదిలేసి దిగిపోగలిగిన దమ్మున్నా దిగలేదు.

కాఫీ_విత్_సుబ్బలక్ష్మి
కాదనను. మెహ్దీకి వేళ్ళు పోయి బొనాట్టికి ఎందుకు పోలేదో కూడా చెప్పండి మరి. ఎత్తులో వేసుకునే బూట్లు ఇటలీ వాళ్ళందరికీ ఉన్నాయి. మెహ్దీకి ఇచ్చింది మామూలు మిలిటరీ బూట్లు, అవీ రెండు సైజులు చిన్నవి.

సుబేదార్_కర్నూలు
అమ్మా, ఈ ముక్క ముందే చెప్పింటే నేను టెంటు గురించి అంత రాసేవాన్ని కాదు. మాకు పైకి పంపేముందు వైద్యుడి కంటే ముందు చూసేది బూటు. రెండు జతల సాక్సు వేసుకుని, లోపల బొటనవేలు ఆడించి చూపించాల. ఆడకపోతే ఆ మనిషి ఆ రోజు పోడు, ఎంత పెద్ద పనైనా సరే. బిగుతు బూటులో రక్తం కిందికి దిగదు, మంచు పని సగం బూటే చేసిపెడుతుంది. రాత్రి బూటు విప్పితే స్లీపింగ్ బ్యాగులో పొట్ట దగ్గర పెట్టుకుని పడుకుంటాం, బయట పెడితే పొద్దున కొయ్యలా బిగుసుకుపోయి కాలు దూరదు. ఆయన విప్పలేదు, విప్పే దారి లేదు.

చలిచీమ
దీనికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఇది ఒక్క కొంపాన్యోని లెక్కలో వెయ్యకండి. బూట్లు కొన్నది, లెక్క కట్టింది యాత్ర పెట్టినవాళ్ళు.

బెజవాడ_బుల్లోడు
చలిచీమ ఆఖరి దాకా వదలదురా బాబూ. లాయరేనా మీరు?

చలిచీమ
ఆడిటర్‌ని.

పాలమూరు_పోరడు
గందుకే బూట్ల బిల్లు దాంక పోయిండు సారు 🤣 టొరినో అన్నా, మీ ఊర్ల కొండల మ్యూజియం ఉంటదంట గద, మెహ్దీ ఫొటో ఏమన్న పెట్టిన్రా అండ్ల?

టొరినో_తెలుగబ్బాయి
ఉంది తమ్ముడూ, కప్పుచ్చీని గుట్ట మీద. ఆదివారం వెళ్తున్నా, చూసి పెడతా. సోమవారం దాకా కొట్టుకోకండి.